మిగిలిపోయిన కొద్ది దూరము

వాక్యభాగము: ఆదికాండము 35:16–20, 48:7



 బళ్లారిలోను, హుబ్లీలోను, చెన్నైలోను, షోలాపూరులోను, బరంపురములోను, యానాములోను, ఇంకను ఎక్కడెక్కడ తెలుగు ఆరాధన జరుగుచున్నదో అక్కడి ప్రతి సంఘమునకును కృపయు సమాధానమును కలుగును గాక.

ఈసారి మనము ధ్యానించుటకు తీసికొనిన వాక్యభాగము ప్రయాణములో సంభవించిన ఒక మరణమును గూర్చినది. యాకోబు కుటుంబము బేతేలు విడిచి ఎఫ్రాతా వైపు సాగిపోవుచున్నది. రాహేలుకు నెలలు నిండినవి. దారిలోనే నొప్పులు వచ్చినవి, కాన్పు కష్టమైనది. మంత్రసాని దగ్గరనే యున్నది. భయపడవద్దనియు, ఈసారి కూడ కుమారుడేననియు ఆమెకు ధైర్యము చెప్పినది. బిడ్డ బ్రదికెను, తల్లి పోయెను. ప్రాణము విడుచుచు ఆమె ఆ బిడ్డకు బెనోని, అనగా దుఃఖపుత్రుడు, అని పేరు పెట్టెను. తండ్రి దానిని మార్చి బెన్యామీను అనెను. ఆమెను దారి ప్రక్కనే పాతిపెట్టి, సమాధి మీద ఒక స్తంభము నిలిపి, వారు ముందుకు సాగిపోయిరి.

కథ అక్కడితో ముగియలేదు. చాల ఏండ్లు గడిచిన తరువాత ఐగుప్తులో యాకోబు మంచము పట్టి యున్నాడు. యోసేపు తన ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని వచ్చెను. ఆశీర్వాదముల మాటలు జరుగుచుండగా ముసలివాడు ఉన్నట్టుండి రాహేలు మరణమును జ్ఞాపకము చేసికొనెను. ఎఫ్రాతాకు ఇక కొద్ది దూరమే ఉండగా ఆమె పోయినదని చెప్పెను. యాకోబు ఎంతెంత దూరములు నడిచినవాడు! బెయేర్షెబా నుండి హారానుకు, హారాను నుండి కనానుకు, కనాను నుండి ఐగుప్తునకు. అంత నడిచిన మనిషికి చివరి దినములలో మరపురానిది ఆ మిగిలిపోయిన కొద్ది దూరము.

ప్రియులారా, ఒక సంగతి గమనింపుడి. రాహేలు మరణమునకు కారణము ఆమె పాపమని పరిశుద్ధ గ్రంథము ఎక్కడను చెప్పలేదు. ఆమె తండ్రి ఇంటి విగ్రహములను దొంగిలించినందున ఈ శిక్ష కలిగినదని చెప్పు బోధకులు ఉన్నారు. ఆ మాట వారిదే గాని వాక్యము చెప్పినది కాదు. వాక్యము చెప్పునది ఇంతే: కాన్పు కష్టమైనది, ఆమె చనిపోయినది, భర్త దుఃఖించి స్తంభము నిలిపెను. ఈ సంగతి మనము నేర్చుకొనవలసియున్నది. ఏలయనగా మన మధ్య ఒక స్త్రీ పురిటిలో పోయినప్పుడు "ఆమె రాత అంతే" అనుట, "ఏమి పాపము చేసినదో" అని గుసగుసలాడుట నేటికిని వినబడుచున్నది. అట్లు చెప్పుట వలన మనము తప్పించుకొనుచున్నాము. రాత అన్నచో ఇక ఎవరును ఏమియు చేయనక్కరలేదు గదా.

కాన్పు ఆడదానికి మరు జన్మ అని మన పెద్దలు అనిరి. మొదలుపెట్టిన పని ఆరంభములోనే చెడిపోయినచో "పురిటిలోనే సంధి కొట్టినట్లు" అని నేటికిని నవ్వుచు అందుము. ఆ సామెత ఎక్కడ నుండి వచ్చినదో ఆలోచించినచో నవ్వు రాదు. ప్రతి ఇంటిలోను అట్టి చావు చూచిన తరములు మన భాషలో విడిచిపోయిన గురుతు అది.

లోకమంతట నున్న రాహేలులు

ఇది పూర్వకాలపు దుఃఖము మాత్రమే అని తలంపకుడి. ప్రపంచ ఆరోగ్య సంస్థయు, తోటి ఐక్యరాజ్య సమితి సంస్థలును 2025 ఏప్రిల్‌లో ప్రకటించిన లెక్క ప్రకారము 2023వ సంవత్సరములో గర్భముతో గాని, కాన్పులో గాని, ఆ తరువాతి ఆరు వారములలో గాని సుమారు 2 లక్షల 60 వేల మంది స్త్రీలు చనిపోయిరి. అనగా దినమునకు 700 మందికి పైగా. రెండు నిమిషములకు ఒకరు చొప్పున. మనము ఆదివారము ఒక గంటన్నర ఆరాధనలో కూర్చుండి లేచునప్పటికి 40 మందికి పైగా తల్లులు పోవుచున్నారు. వారిలో పదిమందికి తొమ్మిది మంది పేద దేశముల వారు. మిక్కిలి పేద దేశములలో లక్ష కాన్పులకు 346 మంది తల్లులు మరణించుచుండగా, ధనిక దేశములలో 10 మంది మాత్రమే మరణించుచున్నారు. స్త్రీ శరీరము అక్కడను ఇక్కడను ఒక్కటే. వ్యత్యాసము ఆమె చుట్టునున్న మనుష్యులలోను, దారులలోను, ఆసుపత్రులలోను ఉన్నది.

ఒకప్పుడు లోకము ఈ మరణములను లెక్కపెట్టుట కూడ మానియుండెను. తల్లీబిడ్డల ఆరోగ్యము అని పేరు పెట్టిన కార్యక్రమములలో బిడ్డకు టీకాలు, బిడ్డకు పాలు అని అంతయు బిడ్డ చుట్టునే తిరుగుచుండెను. ఇందులో తల్లి ఎక్కడ అని 1985లో ఆలన్ రోజెన్‌ఫీల్డ్, డెబొరా మెయిన్ అను ఇద్దరు వైద్య రంగపు పండితులు లాన్సెట్ పత్రికలో ప్రశ్నించిరి. 1987 ఫిబ్రవరిలో కెన్యా దేశపు నైరోబిలో సురక్షిత మాతృత్వము కొరకు అంతర్జాతీయ సభ కూడినది. ఏటా సుమారు 5 లక్షల తల్లుల మరణములను 2000 నాటికి సగము చేయవలెనని అక్కడ సంకల్పించిరి. ఆ గురి అందలేదు. 2000లో ఐక్యరాజ్య సమితి మరల గురి పెట్టినది: 1990 నాటి రేటును 2015 నాటికి నాలుగింట మూడు వంతులు తగ్గించవలెనని. సుమారు 44 శాతము మాత్రమే తగ్గినది. 2015లో మరల గురి పెట్టిరి: 2030 నాటికి లోకమంతటను కలిపి లక్షకు 70 కన్న తక్కువ కావలెనని. 2023లో ఆ సంఖ్య 197గా ఉన్నది.

గురి తప్పినను ప్రయాసము వ్యర్థము కాలేదని కూడ మనము ఒప్పుకొనవలెను. 2000 నుండి 2023 వరకు లోకములో తల్లుల మరణముల రేటు 40 శాతము తగ్గినది. మన పొరుగున నున్న శ్రీలంక ఇరువదవ శతాబ్దపు మధ్యకాలము నుండి శిక్షణ పొందిన మంత్రసానులను పల్లె పల్లెకు పంపి, ఉచిత ఆసుపత్రులను దగ్గర చేసి, సుమారు పదేండ్లకొకసారి ఆ మరణములను సగము చేయుచు వచ్చినది. అది ధనిక దేశమై యుండి చేసిన పని కాదు.

మన దేశములో 2004–06లో లక్షకు 254 మంది తల్లులు మరణించుచుండిరి. 2018–20 నాటికి 97 అయినది. అదే లెక్కలో మహారాష్ట్ర 33, తెలంగాణ 43, ఆంధ్రప్రదేశ్ 45, తమిళనాడు 54, కర్ణాటక 69, ఒడిశా 119. యానాము చిన్నది గనుక ఈ పట్టికలో విడిగా కనబడదు. ఈ సంఖ్యలను చూడుడి. మన తెలుగు కుటుంబము ఒక్కటే అయినను, ఒక అక్క షోలాపూరులోను, చెల్లెలు రాయగడలోను కాపురముండినచో, ఇద్దరి చుట్టునున్న అపాయము ఒక్కటి కాదు.

మూడు దూరములు

తల్లులను చంపునది ఏది? అన్నిటికన్న పెద్దది రక్తస్రావము. నాలుగింట ఒక వంతుకు పైగా మరణములు దానివలననే. తరువాత రక్తపు పోటు, దానితో వచ్చు మూర్ఛ. పాత తరమువారు దీనినే గుర్రపు వాతము అనిరి. ఆపైన పురిటి జ్వరము, అడ్డము తిరిగిన కాన్పు, మునుపే ఉన్న గుండె జబ్బు, రక్తహీనత వంటివి. వీటిలో ఎక్కువ వాటికి మందు కలదు. కాన్పు కాగానే గర్భసంచి బిగియుటకు ఇచ్చు ఆక్సిటోసిన్ ఇంజక్షను, మూర్ఛకు ఇచ్చు మెగ్నీషియం సల్ఫేటు, జ్వరమునకు ఆంటీబయాటిక్, సమయమునకు సిజేరియను, ఒక సీసా రక్తము. ఇవేవియు క్రొత్త సంగతులు కావు. అయినను ఎందుకు పోవుచున్నారు?

1994లో సెరీన్ థడ్డియస్, డెబొరా మెయిన్ అను పరిశోధకులు దీనికి మూడు ఆలస్యములను చూపించిరి. ఇంట నిర్ణయము తీసికొనుటలో ఆలస్యము. దారిలో ఆలస్యము. ఆసుపత్రి చేరిన తరువాత చికిత్స అందుటలో ఆలస్యము. రాహేలుకు ఎఫ్రాతా వలె, ఈ తల్లులకును ప్రాణరక్షణ కొద్ది దూరములోనే ఉండి అందకపోయినది. ఈ మూడు దూరములను మన సంఘములతో పోల్చి చూచుకొందము.

మొదటిది ఇంటిలోని దూరము. కోడలికి తల బద్దలగుచున్నది, కళ్లకు మసక కమ్ముచున్నది, ముఖము చేతులు వాచినవి. అత్తగారు "మాకు కాలేదా కాన్పులు, ఓర్చుకో" అనును. భర్త పనిలో ఉన్నాడు. మామగారి మాట లేనిదే ఆటో పిలువరు. సాయంత్రము చూతమందురు. సాయంత్రమునకు మూర్ఛ వచ్చును. కాన్పు తరువాత విపరీతముగా రక్తము పోవుచున్న స్త్రీకి రెండు గంటలే గడువు కావచ్చును. ఆ రెండు గంటలు ఇంటి పెద్దల ఆలోచనలో గడచిపోయినచో ఇక ఏ వైద్యుడు ఏమి చేయగలడు? ఈ అపాయ సూచనలు ప్రతి ఇంటిలో మగవారికి సహా తెలిసియుండవలెను: ఏ నెలలోనైనను రక్తము కనబడుట, తీవ్రమైన తలనొప్పి, కంటి మసక, ముఖము చేతుల వాపు, మూర్ఛ, జ్వరము, ఆయాసము, నొప్పులు లేకుండ ఉమ్మనీరు పోవుట, కడుపులో బిడ్డ కదలిక తగ్గుట, పన్నెండు గంటలు దాటినను కాన్పు కాకుండుట, బిడ్డ పుట్టినను మాయ పడకుండుట. వీటిలో ఒక్కటి కనబడినను ఎవరి అనుమతికిని ఆగవలసిన పని లేదు.

ఇది ఆడవారి సంగతి, మనకెందుకు అని పురుషులు ప్రక్కకు తొలగుదురు. మన ప్రభువు అట్లు తొలగలేదు. పన్నెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ ఆయన వస్త్రమును ముట్టినప్పుడు, ధర్మశాస్త్రము ప్రకారము ఆమె అపవిత్రురాలని జనులు ఎంచు కాలములో, యాయీరు ఇంటికి త్వరపడి పోవుచున్న ఆయన నడిదారిలో నిలిచి, ఆమె చెప్పినదంతయు విని, కుమారీ అని పిలిచెను. ఆడదాని రక్తస్రావమును గూర్చి వినుటకు దేవుని కుమారుడు దారిలో ఆగెను. మన డీకనులు, మన ఇంటి పెద్దలు ఆగలేరా?

రెండవది దారిలోని దూరము. ఇది వలస వచ్చిన మనకు బాగుగా తెలిసినది. మన ఆచారము ప్రకారము తొలి కాన్పునకు ఆడపిల్లను పుట్టింటికి తీసికొనిపోదురు. మంచి ఆచారమే, తల్లి చేతి వంట, తల్లి ఓదార్పు దొరకును. అయితే ముంబయి నుండి గాని భివండి నుండి గాని నెలలు నిండిన పిల్లను జనరల్ బోగీలో ఒక రాత్రి ఒక పగలు కూర్చుండబెట్టి తీసికొనిపోవుట, ఇక్కడ చూపించిన డాక్టరు కాగితములు ఇక్కడనే మరచిపోవుట, అక్కడ ఏ ఆసుపత్రిలోను పేరు లేకుండ నొప్పులు వచ్చువరకు కూర్చుండుట అపాయకరము. యాకోబే ఒకప్పుడు ఏశావుతో, పిల్లలు లేతవారనియు, పాలిచ్చు గొర్రెలను ఒక్క దినము వడిగా తోలినచో మందంతయు చచ్చుననియు చెప్పి, మెల్లగా నడిపించుకొని వచ్చెదననెను. గొర్రెల విషయమై అంత జాగ్రత్త ఉన్నప్పుడు మన ఆడపిల్లల విషయమై ఎంత ఉండవలెను! ప్రయాణము ఎప్పుడు, ఎట్లు అనునది డాక్టరుతో మాట్లాడి ముందుగానే నిశ్చయించుకొనవలెను. తల్లీబిడ్డల కార్డు ఆమె సంచిలోనే ఉండవలెను. చేరిన ఊరిలో ఆశా కార్యకర్తకు మొదటి వారములోనే తెలియజేయవలెను.

దారి సౌకర్యములు నేడు పూర్వమువలె లేవు. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 అంబులెన్సు నేడు అనేక రాష్ట్రములలో ఉన్నది. చాల చోట్ల గర్భిణీ స్త్రీలకు 102 కూడ కలదు. 2005లోనే జననీ సురక్షా యోజన వచ్చినది. 2011లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమము ప్రకారము ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియను, మందులు, రక్తము, భోజనము, రానుపోను వాహనము ఉచితము. 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు డాక్టరు చేత ఉచిత పరీక్ష జరుగుచున్నది. 2005–06లో దేశములో నూటికి 39 కాన్పులే ఆసుపత్రులలో జరుగగా, 2019–21 నాటికి 89 అయినవి. ఇవన్నియు మన హక్కులు. వేరే రాష్ట్రము వారమని వెనుకకు తగ్గనక్కరలేదు.

మూడవది ఆసుపత్రి తలుపు దాటిన తరువాతి దూరము. ఇది అందరికన్న పేదవారికి ఎక్కువగా తెలియును. 1847లో వియన్నా నగరములో సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు ఒక సంగతి కనిపెట్టెను. శవములను కోసి పరీక్షించిన చేతులతోనే వైద్యులు కాన్పులు చేయుచున్నందున తల్లులు జ్వరముతో చనిపోవుచున్నారని. క్లోరిను నీటితో చేతులు కడుగుకొనుమని ఆయన ఆజ్ఞాపించగా, నూటికి పదిమందికి పైగా ఉన్న మరణములు ఇద్దరు ముగ్గురికి తగ్గినవి. అయినను అనేకులైన వైద్యులు ఆయన మాటను అంగీకరింపలేదు. తమ చేతులే మరణమును మోసికొనిపోవుచున్నవని ఒప్పుకొనుట వారికి కష్టమాయెను. నేటికిని ఆసుపత్రులు తమ్మును తాము పరీక్షించుకొనవలసియున్నది. 2024 నవంబరులో బళ్లారిలో సిజేరియను అయిన తల్లులు వరుసగా మరణించిరి. వారికెక్కించిన సెలైను నాణ్యతపై అనుమానము వచ్చి ప్రభుత్వమే విచారణకు పూనుకొనవలసి వచ్చెను. ఆసుపత్రికి పోవలెనని చెప్పు మనము, ఆ ఆసుపత్రి బాగుండవలెనని అడుగుటకు కూడ బాధ్యులము.

మంచి వార్తయు ఉన్నది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా దేశములలోని 80 ఆసుపత్రులలో ఒక పరిశోధన జరిగి, ఫలితము 2023లో వెలువడినది. కాన్పు కాగానే తల్లి క్రింద కొలత గీతలున్న ఒక ప్లాస్టిక్ సంచి పరచి ఎంత రక్తము పోవుచున్నదో కంటి అంచనాతో గాక కొలిచి చూచిరి. హద్దు దాటగానే ఇయ్యవలసిన చికిత్సలన్నియు ఒకదాని తరువాత ఒకటి వేచియుండక, ఒకేసారి ఇచ్చిరి. తీవ్ర రక్తస్రావము, దానికొరకు కడుపు కోయు ఆపరేషను, దానివలన మరణము, ఇవన్నియు కలిపి చూడగా 60 శాతము తగ్గినవి. పెద్ద యంత్రము కాదు. ఒక సంచి, కొన్ని మందులు, ఆలస్యము చేయని చేతులు.

రెండు ఆక్షేపణలు

ఈ సంగతులు చెప్పినప్పుడు మన సంఘములలో రెండు ఆక్షేపణలు వినబడును. వాటికి సమాధానము చెప్పక దాటిపోరాదు.

మొదటిది: ప్రసవవేదన హవ్వకు దేవుడిచ్చిన శిక్ష గదా, దానిని తప్పింపజూచుట దేవుని మాటకు ఎదురు కాదా? ఇది క్రొత్త ప్రశ్న కాదు. 1847లో స్కాట్లాండు వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ కాన్పు నొప్పులకు క్లోరోఫారము వాడినప్పుడు కొందరు ఇదే ఆక్షేపణ చేసిరి. ఆయన పరిశుద్ధ గ్రంథమునుండియే జవాబు వ్రాసెను. ఆదాము ప్రక్కటెముక తీయుటకు ముందు దేవుడు అతనికి గాఢనిద్ర కలుగజేసెను గదా అని గుర్తుచేసెను. మనము ఇంకొక మాట చేర్చుదము. ఆదికాండము మూడవ అధ్యాయములో స్త్రీకి వేదన చెప్పబడిన వెంటనే నేలకు ముండ్ల తుప్పలు, పురుషునికి ముఖపు చెమట చెప్పబడినవి. ఆ మాట విని మన తండ్రులు కలుపు తీయుట మానిరా? ముండ్ల కంచెలను కొట్టివేయుట పాపమని ఎవరైన బోధించిరా? ఫ్యాను క్రింద కూర్చుండి చెమట ఆర్చుకొనుచు, స్త్రీకి మాత్రము శిక్ష పూర్తిగా అనుభవింపవలెననుట న్యాయము కాదు. పైగా ఆ వచనము వేదనను గూర్చి చెప్పినదే గాని మరణమును ఆజ్ఞాపింపలేదు.

రెండవది: ప్రార్థన చాలదా? ఆసుపత్రికి పోవుట అవిశ్వాసము కాదా? ప్రియులారా, మనము ప్రార్థనను తక్కువ చేయము. అయితే నిర్గమకాండము మొదటి అధ్యాయమును చదువుడి. హెబ్రీయుల మగపిల్లలను చంపుమని ఫరో ఆజ్ఞాపించినప్పుడు దేవుడు ఆకాశమునుండి అగ్ని కురిపింపలేదు. ఇద్దరు మంత్రసానుల ద్వారా తన జనులను కాపాడెను. వారు దేవునికి భయపడిరి, దేవుడు వారికి మేలు చేసి వంశాభివృద్ధి కలుగజేసెను. లోకమును ఏలిన ఆ ఫరో పేరు అక్కడ వ్రాయబడలేదు. షిఫ్రా, పూయా అను ఆ మంత్రసానుల పేర్లు వ్రాయబడినవి. ప్రసవ సమయమున నేర్పుగల చేతులు దేవుని చేతులకు విరోధము కావని దీనివలన తెలియుచున్నది. సిజేరియను అయినవారికి విశ్వాసము తక్కువనియు, మామూలు కాన్పు అయినవారిదే సాక్ష్యమనియు చెప్పుట మానుదము. అంబులెన్సు ఎక్కించి, దానిలో కూర్చుండి ప్రార్థింతము. ఎక్కించకుండ ప్రార్థించినచో మనము చేయవలసిన పనిని దేవుని మీదికి త్రోసినట్లే.

మూడు తలుపు చప్పుళ్లు

మనలో అనేకులు వేలూరు ఆసుపత్రికి పోయి స్వస్థత పొందినవారము. ఆ ఆసుపత్రి ఎట్లు పుట్టినదో ఎందరికి తెలియును? 1890ల నాటి మాట. తిండివనములో మిషనరీ వైద్యుడైన తండ్రి దగ్గరకు వచ్చిన ఐడా స్కడ్డర్ అను యువతి ఇండియాలో ఉండిపోవుటకు ఇష్టము లేనిదై యుండెను. ఒక రాత్రి ముగ్గురు పురుషులు ఒకరి తరువాత ఒకరు వచ్చి తలుపు తట్టిరి. ముగ్గురి భార్యలును కష్టపు కాన్పులో ఉన్నారు. ఆమె వైద్యము నేర్చినది కాదు. తన తండ్రిని పంపుదుననగా, పరపురుషుడు తమ స్త్రీలను చూడరాదని హిందువులును మహమ్మదీయుడును ఒకే మాట చెప్పి వెళ్లిపోయిరి. తెల్లవారునప్పటికి ముగ్గురు స్త్రీలును చనిపోయిరి. ఆమె అమెరికా తిరిగిపోయి వైద్యము చదివి 1899లో పట్టము పొంది, 1900లో వేలూరునకు వచ్చెను. 1902లో స్త్రీల ఆసుపత్రి కట్టెను, 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల తెరచెను. ఆ ముగ్గురు స్త్రీల పేర్లు మనకు తెలియవు. వారి మరణమును రాత అని ఒక యువతి ఒప్పుకొననందున లెక్కలేనన్ని ప్రాణములు నిలిచినవి.

మన సంఘములు చేయదగినవి

2025లో ధనిక దేశములు సాయము తగ్గించుటవలన పేద దేశములలో ఈ పని వెనుకకు పోవునని ఐక్యరాజ్య సమితి సంస్థలు హెచ్చరించినవి. నైరోబి, జెనీవాల నిర్ణయములు మన చేతిలో లేవు. మన వీధి మన చేతిలో ఉన్నది. గనుక ప్రతి సంఘమును ఈ అయిదు సంగతులను ఆలోచింపవలెనని వేడుకొనుచున్నాము.

మొదటిది, స్త్రీల సమాజమువారు సంఘములోని ప్రతి గర్భిణి పేరును, నెలను తెలిసికొని, నెలకొకసారి దర్శించవలెను. 2019–21 లెక్కలో మన దేశపు గర్భిణులలో సగముకన్న ఎక్కువమందికి రక్తహీనత ఉన్నది. ఐరన్ మాత్రలు మ్రింగుచున్నదా, ఇంటిలో అందరికి పెట్టిన తరువాత మిగిలినది తినుచున్నదా అని అడుగవలెను.

రెండవది, ఆంధ్ర, తెలంగాణల నుండి క్రొత్తగా కోడలై వచ్చిన పిల్లకు కన్నడము గాని ఒడియా గాని మరాఠీ గాని తమిళము గాని రాదు. నొప్పి ఎక్కడో నర్సుకు చెప్పలేదు. రెండు భాషలు తెలిసిన ఒక సహోదరి ఆమెతో పరీక్షకు, కాన్పునకు తోడుపోవలెను. వలస సంఘము మాత్రమే చేయగల సేవ ఇది.

మూడవది, యువజన సమాజమువారు తమ రక్తపు గ్రూపులు వ్రాసి పాస్టరుగారి యొద్ద ఉంచవలెను. అర్ధరాత్రి పిలిచినను వచ్చు ఒక ఆటో గాని కారు గాని సంఘములో నిర్ణయింపబడి యుండవలెను.

నాలుగవది, పదునెనిమిదేండ్లు నిండని పిల్లకు పెండ్లి చేయకూడదు. అది చట్టవిరోధము మాత్రమే కాదు. ఎదగని శరీరమునకు కాన్పు అపాయము. అట్టి పెండ్లిని మన పాస్టరులు జరిపింపరాదు.

అయిదవది, ఏప్రిల్ 11వ తేదీ కస్తూరిబా గాంధి జన్మదినము. 2003 నుండి మన దేశములో అది సురక్షిత మాతృత్వ దినముగా ఆచరింపబడుచున్నది. ఆ తేదీకి దగ్గరి ఆదివారమున మగవారి యెదుటనే ఈ అపాయ సూచనలను చదివి వినిపించి, గర్భిణుల కొరకును మంత్రసానుల కొరకును నర్సుల కొరకును ప్రార్థింపవలెను.

తల్లిని, భార్యను, కుమార్తెను, అక్కను ఈ విధముగా పోగొట్టుకొన్నవారు ఈ పుటలు చదువుచున్నారని మేము ఎరుగుదుము. ఈ మాటలు మీ మీద నేరము మోపుటకు కాదు. యాకోబు నిలిపిన స్తంభము దేవునికి అసహ్యము కాలేదు. దుఃఖమునకు గురుతు నిలుపుకొనుటకు మీకును హక్కు కలదు. తల్లి దుఃఖములో పేరు పెట్టిన బిడ్డను దేవుడు విడువలేదు. బెన్యామీను ఒక గోత్రమునకు తండ్రియైనాడు, ఆ గోత్రములోనే అపొస్తలుడైన పౌలు పుట్టెను. తల్లిలేని బిడ్డలను పెంచుచున్న అమ్మమ్మలారా, నాయనమ్మలారా, పిన్నమ్మలారా, మీ పరిచర్యను ప్రభువు చూచుచున్నాడు.

పాలిచ్చువాటిని మెల్లగా నడిపించు కాపరిగా యెషయా ప్రవక్త మన దేవుని చూపించెను. ఆ కాపరి మందలో మనమున్నాము గనుక మన నడక కూడ అట్లే ఉండవలెను. రాహేలునకు మిగిలిపోయిన కొద్ది దూరము మన కోడండ్రకును కుమార్తెలకును మిగిలిపోకుండునట్లు, ఇంటి నుండి ఆసుపత్రి వరకును, ఆసుపత్రి నుండి తిరిగి ఊయల వరకును వారితో కూడ నడచు మనస్సును ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.